చలువలో ఉండాల్సిన మందులు, గడువు తక్కువ సరుకు: ఆస్పత్రి స్టోరు నిర్వహణపై తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆస్పత్రుల్లో మందుల స్టోరు చూసే ఫార్మసిస్టులకు, వార్డు ఇన్‌చార్జి నర్సులకు, సొంతంగా నర్సింగ్ హోం నడుపుకునే డాక్టర్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్నలివి. గడువు తీరిన మందులు పారేయాల్సి రావడం, అత్యవసర సమయంలో మందు దొరకకపోవడం వేర్వేరు సమస్యలని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో రెండింటికీ మూలం ఒక్కటే: ఏ మందు ఎక్కడ, ఎంత, ఏ స్థితిలో ఉందో స్టోరుకు తెలియకపోవడం. కింది సమాధానాలు చాలావరకు ఆ విషయం చుట్టూనే తిరుగుతాయి.

పాడయ్యే సరుకు అంటే టీకాలు, ఇన్సులిన్ మాత్రమేనా?

కాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన మందుల జాబితా చాలామంది అనుకునే దానికన్నా పెద్దది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్, కార్బోప్రోస్ట్. మత్తు డాక్టర్లు వాడే సక్సినైల్‌కోలిన్, అట్రాక్యూరియం. కుక్క కాటుకు ఇచ్చే రేబిస్ టీకా, రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్. ఆర్‌హెచ్ నెగటివ్ తల్లులకు ఇచ్చే యాంటీ-డి. డయాలసిస్ రోగులకు ఇచ్చే ఎరిత్రోపోయిటిన్. ఇవన్నీ చలువలోనే ఉండాలి. ల్యాబు పరీక్షల్లో వాడే రసాయనాలు (రియేజెంట్లు) చాలావరకు ఈ కోవలోవే.

చలువ అక్కర్లేకపోయినా వేడికి పాడయ్యేవి మరికొన్ని ఉన్నాయి, వాటిని స్టోరులో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. డెంగీ, మలేరియా ర్యాపిడ్ కిట్ల పెట్టెల మీద సాధారణంగా 2 నుంచి 30 డిగ్రీలు అని రాసి ఉంటుంది. ఒంగోలులో మే నెల మధ్యాహ్నం, పైకప్పు ఎండకు కాలే గదిలో 30 డిగ్రీలు నిలిచే అవకాశమే లేదు. రబ్బరు గ్లౌజులు వేడికి అంటుకుపోయి, వేసుకునేటప్పుడు చిరుగుతాయి. అడ్రినలిన్ యాంప్యూల్‌కు వెలుతురూ పడదు. ద్రావణం గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరిగితే దాన్ని వాడకూడదు. స్టెరైల్ ప్యాకెట్ తడిసినా, చిరిగినా, దాని మీద ఇంకా రెండేళ్ల గడువు ఉన్నా, అది స్టెరైల్ కానట్టే లెక్క.

పెట్టె మీద గడువు తేదీ దాటలేదు. అంటే మందు బాగున్నట్టే కదా?

ఆ తేదీకి ఒక షరతు ఉంది. పెట్టె మీద చెప్పిన ఉష్ణోగ్రతలో, చెప్పిన పద్ధతిలో నిల్వ చేసినంత కాలమే కంపెనీ ఆ తేదీకి పూచీ పడుతుంది. ఆక్సిటోసిన్ పెట్టెను లేబర్ రూం బల్ల మీద వేసవి రెండు నెలలూ ఉంచేస్తే, గడువు ఇంకా ఏడాది ఉన్నా మందు బలం తగ్గిపోతుంది. ద్రావణం రంగు మారదు, వాసన రాదు, చూసి కనిపెట్టే వీలుండదు. కాన్పయిన తల్లికి ఇంజెక్షన్ ఇచ్చినా రక్తం ఆగకపోతే డాక్టరు మరో కారణం కోసం వెతుకుతారే తప్ప మందును అనుమానించరు. నిల్వ లోపాల్లో నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే.

తేదీ చదివే పద్ధతిలోనూ కొందరికి సందేహం ఉంటుంది. మన దేశ నిబంధనల ప్రకారం నెల, సంవత్సరం మాత్రమే ముద్రించి ఉంటే ఆ నెల చివరి రోజు వరకు మందు వాడవచ్చు. 05/2027 అని ఉంటే 2027 మే 31 వరకు అన్నమాట.

మాది చిన్న ఆస్పత్రి. ఇంట్లో వాడే ఫ్రిజ్ సరిపోదా?

టీకాలు నిల్వ చేసే చోట సరిపోదు. పి.హెచ్.సి.ల్లో ఐ.ఎల్.ఆర్. అని పిలిచే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ ఉంటుంది. దాని మూత పైకి తెరుచుకుంటుంది కాబట్టి తెరిచినప్పుడు చల్లగాలి కిందికి జారిపోదు. లోపలి గోడల వెంట మంచు పొర ఉండటం వల్ల రోజులో 8 గంటలు కరెంటు ఉన్నా చలువ నిలబడుతుంది. ఇంటి ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ చల్లగాలి బయటికి పోతుంది, కరెంటు పోతే కొద్ది గంటలకే లోపల వేడెక్కుతుంది, ఫ్రీజర్ అరకు ఆనుకుని ఉన్న చోట మందు గడ్డకట్టే ప్రమాదమూ ఉంది.

నెల్లూరు పొగతోటలో ఉండే చిన్న నర్సింగ్ హోంలకు ఖరీదైన ఫార్మసీ రిఫ్రిజిరేటర్ కొనే స్తోమత వెంటనే ఉండకపోవచ్చు. ఇన్సులిన్, ఆక్సిటోసిన్ వంటి కొద్దిపాటి సరుకుకు ఇంటి ఫ్రిజ్ వాడక తప్పకపోతే కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. అందులో మందులు తప్ప మరేవీ పెట్టకూడదు. స్టాఫ్ తెచ్చుకున్న పెరుగు డబ్బా, ల్యాబు శాంపిళ్లు మందుల పక్కన ఉండటం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దు. తలుపు అరల్లో మందులు వద్దు. ఫ్రీజర్ కింద ఉండే ట్రేలోనూ వద్దు. మధ్య అరల్లో, వెనుక గోడకు తగలకుండా, పెట్టెల మధ్య గాలి ఆడేలా సర్దాలి. కూరగాయల అరలో నీళ్ల సీసాలు నింపి పెడితే కరెంటు పోయినప్పుడు చలువ మరికాసేపు నిలుస్తుంది. స్టెబిలైజర్ ఉండాలి. ప్లగ్గు వేరే ఎవరూ ముట్టుకోని సాకెట్‌లో ఉండాలి, దాని మీద ‘తీయరాదు’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి. ఫోను ఛార్జింగ్ కోసమో, గది ఊడ్చేటప్పుడు తీగ అడ్డం వచ్చిందనో ప్లగ్గు తీసి మళ్లీ పెట్టడం మరిచిపోయిన సందర్భాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఉష్ణోగ్రత ఎన్నిసార్లు రాయాలి? ఆదివారాలు కూడా రాయాలా?

ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆదివారాలతో సహా, సంక్రాంతి మూడు రోజులతో సహా రాయాలి. ఫార్మసిస్టు సెలవులో ఉంటే డ్యూటీ నర్సు రాయాలని ఆర్డరు కాగితం మీద ముందే ఉండాలి. థర్మామీటరు ముల్లును గాలిలో వేలాడదీయకుండా చిన్న గ్లిజరిన్ సీసాలో ముంచి మందుల మధ్యలో పెడితే, తలుపు తీసినప్పుడల్లా అంకె ఎగిరిపడకుండా మందు అసలు ఎంత చల్లగా ఉందో తెలుస్తుంది.

రిజిస్టరు తనిఖీ చేసేవారికి ఒక మాట. నెల పొడుగునా 4.0, 4.0, 4.0 అని ఒకే ఇంకుతో, ఒకే వాలుతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఉన్న పేజీని నమ్మకండి. నిజమైన పేజీలో మధ్యాహ్నం కరెంటు పోయిన రోజు 7.2 కనబడుతుంది, పక్కన ‘జనరేటర్ 2.40కి’ అని చిన్నగా రాసి ఉంటుంది. అలాంటి పేజీ రాసినవారిని మందలిస్తే వచ్చే నెల నుంచి వారూ 4.0 అనే రాస్తారు. వీలుంటే ఉష్ణోగ్రతను దానంతటదే నమోదు చేసే డేటా లాగర్ అనే పరికరం కొనండి. అది రాత్రి వేళల్లో జరిగింది కూడా చెబుతుంది. ప్రభుత్వ టీకా కేంద్రాల్లో, టీకా నిల్వలను ఎలక్ట్రానిక్‌గా గమనించే ఈవిన్ వ్యవస్థ కింద పెట్టిన లాగర్లు ఉష్ణోగ్రత హద్దు దాటితే ఫోనుకు సందేశం పంపుతాయి.

ముందు వచ్చిన సరుకు ముందు ఇవ్వాలా, ముందు గడువు తీరేది ముందు ఇవ్వాలా?

మందుల విషయంలో ముందు గడువు తీరేదే ముందు వెళ్లాలి. నిరుడు వచ్చిన పెట్టెకు 2027 డిసెంబరు గడువు, ఈ వారం వచ్చిన పెట్టెకు 2027 మార్చి గడువు ఉండటం అరుదేమీ కాదు. కొత్త సరుకు వచ్చినప్పుడు అలమరలో పాత పెట్టెల ముందు దొంతరగా పేర్చేయడం మన స్టోర్లలో పాతుకుపోయిన అలవాటు. పెట్టెలు దించే వ్యక్తికే గడువు చూసి వెనుకో ముందో సర్దే పని అప్పగించాలి, ఆ పనికి పదిహేను నిమిషాలు ఎక్కువ పట్టినా ఫరవాలేదు. ఆరు నెలల లోపు గడువు ఉన్న పెట్టెకు పసుపు స్టిక్కరు, మూడు నెలల లోపుదానికి ఎరుపు స్టిక్కరు అంటిస్తే రాత్రి డ్యూటీలో కొత్తగా చేరినవారు కూడా పొరపాటు పడరు.

ఈ నియమానికి మినహాయింపు రక్తం దగ్గర వస్తుంది. పుట్టిన బిడ్డకు రక్తం మార్పిడి చేసేటప్పుడు పాత సంచి ఇవ్వరు, తాజాదే ఎంచుకుంటారు. అది వైద్యపరమైన నిర్ణయం. స్టోరు లెక్క దానికి అడ్డు రాకూడదు.

ఒక్కో మందు ఎంత నిల్వ పెట్టుకోవాలి?

రోజుకు ఎంత ఖర్చవుతుందో, ఇండెంట్ (సరుకు కావాలని రాసే కోరిక పత్రం) పెట్టిన రోజు నుంచి సరుకు చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఆలస్యమైతే గండం గడవడానికి ఎన్ని రోజుల అదనపు నిల్వ కావాలో తెలిస్తే లెక్క సులువే. ఉదాహరణకు ఒక లేబర్ రూంలో రోజుకు 10 ఆక్సిటోసిన్ యాంప్యూల్స్ వాడతారనుకుందాం. సరుకు రావడానికి 12 రోజులు, అదనపు నిల్వ 5 రోజులు. పదిహేడు రోజులకు 170 యాంప్యూల్స్. స్టాక్ 170కి దిగిన రోజే ఇండెంట్ పెట్టాలి, 40కి దిగాక కాదు.

ఈ లెక్క అందరికీ తెలుసు. దాని రెండో సగం మాత్రం చాలామంది వేయరు. చేతిలో ఉన్న సరుకు గడువులోపు ఖర్చవుతుందా లేదా అన్నదే ఆ రెండో సగం. ఒక రకం ఇన్సులిన్ వయల్స్ 60 ఉన్నాయి, నెలకు 9 ఖర్చవుతున్నాయి, గడువు నాలుగు నెలలే ఉంది. నాలుగు నెలల్లో 36 వాడతారు, 24 మిగిలిపోతాయి. ఆ 24 వయల్స్ చెడిపోతాయన్న సంగతి ఈ రోజే తెలుసు కాబట్టి వాటిని ఈ రోజే పక్క ఆస్పత్రికి ఇవ్వాలి, లేదా సరఫరాదారుకు తిప్పిపంపాలి. నాలుగో నెల చివర్లో తీసుకునేవారు దొరకరు. నెలకొకసారి, గడువు ఆరు నెలల లోపు ఉన్న ప్రతి బ్యాచ్‌కూ ఈ తీసివేత చేసి చూడమని నా గట్టి సలహా. ఒక పూట పని, దానితో ఏటా పారేసే సరుకు బాగా తగ్గుతుంది.

వాడకం లెక్కలో కాలాన్ని కూడా కలపాలి. మన రెండు జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. ఆ నెలల్లో, ఆ తర్వాత కొన్ని వారాలపాటు డెంగీ కిట్ల వాడకం ఏప్రిల్ వాడకంతో పోల్చదగినది కాదు. ఏడాది మొత్తం సగటు తీసి ఇండెంట్ పెట్టే స్టోరు నవంబరులో ఖాళీగా ఉంటుంది, మే నెలలో నిండుగా ఉంటుంది.

పాము కాటు మందు ఏటా కొంత గడువు తీరి పారేస్తున్నాం. నిల్వ తగ్గించమని ఆడిట్‌లో రాశారు. ఏం చేయాలి?

తగ్గించకండి. ఆడిట్ అభ్యంతరానికి కారణాలు చూపుతూ రాతపూర్వకంగా జవాబివ్వండి.

మందులను ఖరీదును బట్టి ఎ.బి.సి. అని విడదీస్తారు, అవసరాన్ని బట్టి వి.ఇ.డి. అని విడదీస్తారు. వి అంటే అది లేకపోతే ప్రాణం పోయేది. ఇ అంటే అవసరమైనది. డి అంటే ఉంటే మంచిది. ఈ రెండు వర్గీకరణలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. గడువు తీరి పోయినది వి వర్గానికి చెందినదైతే అది రక్షణ కోసం పెట్టిన ఖర్చు, డి వర్గానిదైతే అది నిర్వహణ లోపం. రెండింటినీ కలిపి ‘వృథా’ అని ఒకే అంకెగా రాసే నివేదిక ఎవరికీ ఉపయోగపడదు.

పాము కాటు మందు మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలకు కలిపి తయారవుతుంది. విషం ఎక్కిన మనిషికి మొదటి మోతాదే 8 నుంచి 10 వయల్స్, ఆ తర్వాత మళ్లీ అవసరం పడవచ్చు. పిల్లలకూ అంతే మోతాదు, ఎందుకంటే పాము విడిచే విషం మనిషి బరువును బట్టి తగ్గదు. కాబట్టి నాలుగు వయల్స్ ఉన్న ఆస్పత్రిలో పాము కాటు మందు లేనట్టే. వరి కోతలప్పుడు, పొగాకు తోటల పనులప్పుడు కూలీలు వచ్చే మండల ఆస్పత్రిలో ఒక్క మనిషికైనా పూర్తి వైద్యం జరిగేంత నిల్వ ఉండి తీరాలి. కొనేటప్పుడు పొడి రూపంలో ఉన్న రకం ఎంచుకుంటే అది ద్రవ రూపం కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది, వేడినీ బాగా తట్టుకుంటుంది.

పారేయడాన్ని తగ్గించే మార్గం ఆస్పత్రుల మధ్య మార్పిడిలో ఉంది. ఉదయగిరి వంటి దూరపు ఆస్పత్రిలో గడువు ఆరు నెలలకు వచ్చిన వయల్స్‌ను కేసులు ఎక్కువగా చేరే నెల్లూరు పెద్దాస్పత్రికి పంపి, బదులుగా ఎక్కువ గడువు ఉన్నవి తెచ్చుకుంటే ఎవరికీ నష్టం లేదు. దీనికి జిల్లా అధికారుల అనుమతి, రెండు వైపులా స్టాక్ ఎంట్రీలు, రవాణాలో చలువ జాగ్రత్తలు కావాలి.

స్టోరు రిజిస్టరు సరిగానే ఉంది. అయినా గడువు తీరిన మందులు బయటపడుతూనే ఉన్నాయి. ఎందుకు?

స్టోరు నుంచి వార్డుకు ఇచ్చిన క్షణంలో రిజిస్టరులో మందు ఖర్చయినట్టు పడిపోతుంది, నిజానికి అది వార్డు అలమరలో ఉంటుంది. వార్డు నర్సులను నేను తప్పుపట్టను. స్టోరు సాయంత్రానికి మూసేస్తారు, రాత్రి రెండు గంటలకు పేషెంటు వస్తే మందు లేదని చెప్పాల్సింది వారే. అందుకే పది కావాల్సిన చోట ఇరవై ఇండెంట్ రాస్తారు. మిగిలిన పది బల్ల సొరుగులో చేరతాయి. ఆపరేషన్ థియేటరులో కుట్ల దారాలు, క్యాజువాలిటీలో ఎమర్జెన్సీ ట్రే, ఐ.సి.యు.లో మత్తుమందు పెట్టె, డయాలసిస్ గదిలో సొంత ఫ్రిజ్ ఇలా ఒక్కొక్కటీ ఒక చిన్న స్టోరే.

నర్సుల మీద కోపగించుకుంటే సరుకు ఇంకా లోపలికి దాచుకుంటారు. వార్డు వారీగా ప్రతి మందుకూ ఒక పరిమితి రాసి అలమర తలుపు లోపల అంటించాలి. వారానికి ఒకసారి స్టోరు మనిషే ట్రాలీతో వెళ్లి, ఉన్నవి లెక్కబెట్టి, పరిమితికి ఎంత తక్కువ ఉందో అంతే నింపాలి. గడువు దగ్గరపడినవాటిని అక్కడికక్కడే వెనక్కి తెచ్చి, అవి త్వరగా ఖర్చయ్యే వార్డుకు ఇవ్వాలి. రాత్రివేళ స్టోరు తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఎంతసేపట్లో తెరుస్తారో వార్డులకు స్పష్టంగా తెలియాలి. రాత్రి మందు దొరుకుతుందన్న నమ్మకం కుదిరాక నర్సులు సరుకు దాచుకోవడం దానంతటదే తగ్గుతుంది. ఎమర్జెన్సీ ట్రేలో సక్సినైల్‌కోలిన్ వంటిది ఫ్రిజ్ బయట పెట్టాల్సి వస్తే బయటికి తీసిన తేదీ వయల్ మీదే రాయాలి. బయట ఎన్నాళ్లు ఉంచవచ్చో ఆ కంపెనీ కరపత్రంలో ఉంటుంది.

తెరిచిన వయల్ ఎన్ని రోజులు వాడవచ్చు?

తెరిచిన తేదీ రాసి లేని వయల్‌ను వాడకండి. మిగతా జవాబు మందును బట్టి ఉంటుంది. వాడకంలో ఉన్న ఇన్సులిన్ వయల్ సాధారణంగా 28 రోజులు. సార్వత్రిక టీకా కార్యక్రమంలో పెంటావాలెంట్, హెపటైటిస్-బి, డి.పి.టి., టి.డి. వంటి ద్రవ టీకాల వయల్స్ షరతులన్నీ పాటిస్తే 28 రోజుల వరకు మళ్లీ వాడవచ్చు. బి.సి.జి., ఎం.ఆర్. వంటి పొడి టీకాలను కలిపాక 4 గంటల్లో, లేదా సెషన్ ముగిసే సరికి, ఏది ముందైతే అప్పటికి పారేయాలి. వీటిలో క్రిములు పెరగకుండా ఆపే పదార్థం ఉండదు, కాబట్టి ‘ఇంకో బిడ్డ వస్తుందేమో’ అని సాయంత్రం దాకా ఉంచడం ప్రాణాంతకం. కంటి చుక్కల సీసా తెరిచాక ఒక నెల. నీళ్లు కలిపిన అమాక్సిసిలిన్-క్లావులనేట్ సిరప్ ఫ్రిజ్‌లో పెట్టినా 7 రోజులే. ఒక్క మోతాదు కోసమే తయారైన వయల్‌లో మిగిలినది ఎంత ఖరీదైనదైనా రెండో మనిషికి వాడకూడదు.

రాత్రంతా కరెంటు లేదు. ఉదయం చూస్తే ఫ్రిజ్‌లో 14 డిగ్రీలు ఉంది. అన్నీ పారేయాలా?

వెంటనే పారేయకండి. వెంటనే వాడకండి కూడా. ముందు ఆ మందులన్నిటినీ సరైన చలువలోకి మార్చి, ‘వాడరాదు, విచారణలో ఉంది’ అని రాసి వేరుగా ఉంచండి. ఎంత ఉష్ణోగ్రతకు చేరింది, సుమారు ఎంతసేపు అలా ఉంది, ఏ మందు, ఏ బ్యాచ్, గతంలో ఇదే బ్యాచ్ ఎప్పుడైనా వేడెక్కిందా అన్నవి కాగితం మీద పెట్టండి. తర్వాత ఒక్కో కంపెనీని సంప్రదించండి. చాలా మందులకు కొద్ది గంటలు చలువ తప్పితే ఏమవుతుందన్న పరీక్షల సమాచారం వారి దగ్గర ఉంటుంది, అడిగితే రాతలో ఇస్తారు. కొన్ని మందులు నిలుస్తాయి, కొన్ని నిలవవు, కొన్నిటికి గడువు కుదించి వాడమంటారు. వేడి దెబ్బ పోగుపడుతూ ఉంటుంది కాబట్టి గత చరిత్ర ముఖ్యం. కంపెనీ నుంచి రాతపూర్వక జవాబు రానిది వాడవద్దు.

టీకా వయల్ మీద వి.వి.ఎం. అనే గుర్తు ఉంటే పని కొంత తేలిక. గుండ్రటి వలయం లోపల ఉన్న చతురస్రం వలయం కన్నా లేత రంగులో ఉంటే వేడి పరంగా ఆ వయల్ వాడదగినదే. రెండూ ఒకే రంగుకు వచ్చినా, చతురస్రం ముదిరినా పనికిరాదు. అయితే ఆ గుర్తు వేడిని మాత్రమే చూపుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు.

మరి గడ్డకట్టిందేమోనని అనుమానం ఉంటే?

మన వేడి ప్రాంతంలో అందరి భయమూ వేడి గురించే ఉండటం వల్ల థర్మోస్టాట్‌ను బాగా తగ్గించి పెడతారు. అలా గడ్డకట్టి పాడైన సరుకు తక్కువేమీ కాదు. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే కరిగాక మామూలుగా కనబడినా పారేయాల్సిందే. పెంటావాలెంట్, హెపటైటిస్-బి, టి.డి. వంటి అల్యూమినియం లవణం కలిసిన టీకాలకు కుదిపి చూసే పరీక్ష ఉంది. అదే బ్యాచ్‌లో ఒక వయల్‌ను కావాలని గడ్డకట్టించి, కరగనిచ్చి, అనుమానం ఉన్న వయల్‌తో కలిపి రెండింటినీ కుదిపి, బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి అరగంట వరకు గమనించాలి. గడ్డకట్టించిన వయల్‌లో పిండిలాంటి మడ్డి త్వరగా అడుక్కు దిగుతుంది, పైన నీరు తేటపడుతుంది. అనుమానపు వయల్‌లోనూ మడ్డి అంతే వేగంగా, లేదా అంతకన్నా వేగంగా దిగితే అది పనికిరాదు. చాలాసేపు పలచని పాలలా మబ్బుగానే ఉంటే గడ్డకట్టలేదని అర్థం.

టీకాలు తీసుకెళ్లే ముందు ఐస్ ప్యాకులను బయట పెట్టి, చెవి దగ్గర ఊపినప్పుడు లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే క్యారియర్‌లో సర్దాలని చెప్పేది కూడా ఇందుకే.

వేసవిలో పార్శిల్ వచ్చినప్పుడు ఏం చూడాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో చెన్నై నుంచో విజయవాడ నుంచో వచ్చిన థర్మోకోల్ పెట్టె పార్శిల్ ఆఫీసు వరండాలో మధ్యాహ్నమంతా ఉంటే లోపలి జెల్ ప్యాకులు నీళ్లవుతాయి. సరుకు ఉదయం పూట చేరేలా పంపమని ఆర్డరులోనే రాయండి. శనివారం పంపించవద్దని కూడా రాయండి. పెట్టె రాగానే సంతకం పెట్టక ముందే విప్పి, లోపల థర్మామీటరు పెట్టి, అంకెను చలానా మీద రాయాలి. గడ్డకట్టిన జెల్ ప్యాకు నేరుగా ఇన్సులిన్ పెట్టెకు ఆనుకుని ఉన్నా సరుకు తిరస్కరించవచ్చు. ‘ఎప్పుడూ ఇలాగే వస్తుంది, ఏమీ కాలేదు’ అన్న మాటకు విలువ ఇవ్వకండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఇన్‌వాయిస్‌తో సరిపోలాయో లేదో చూడటం అందరూ చేసేదే. మొత్తం ఆయుష్షులో నాలుగింట మూడు వంతులైనా మిగిలి ఉన్న సరుకే తీసుకుంటామని కొనుగోలు షరతులో పెట్టుకోవడం మంచిది.

తుపాను కాలానికి స్టోరును ఎలా సిద్ధం చేయాలి?

2015 నవంబరు వానలు, 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను చూసినవారికి దీని అవసరం చెప్పక్కర్లేదు. 2021లో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిపై రాకపోకలు ఆగాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది. ఉత్తరం నుంచి నెల్లూరుకు సరుకు వచ్చే రెండు దారులూ ఒకేసారి మూసుకుపోయాయన్నమాట.

కాబట్టి సెప్టెంబరు ఆఖరుకల్లా వి వర్గం మందులకు అదనపు నిల్వను ఐదు రోజుల నుంచి పది, పన్నెండు రోజులకు పెంచాలి. డిసెంబరు తర్వాత దాన్ని మళ్లీ తగ్గించాలి, లేకపోతే పెంచిన సరుకే వేసవిలో గడువు తీరుతుంది. జనరేటరును ఖాళీగా కాకుండా ఫ్రిజ్‌ల భారం మీద నడిపి చూడాలి, డీజిల్ ఎన్ని గంటలకు సరిపోతుందో రాసుకోవాలి. ఐస్ ప్యాకులు డీప్ ఫ్రీజర్‌లో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. కింది అరల్లోని పెట్టెలను నేల నుంచి ఎత్తు మీదికి మార్చాలి. విడవలూరు, ఇందుకూరుపేట, కొత్తపట్నం వంటి తీర మండలాల ఆస్పత్రులు తమ చలువ మందులను కరెంటు పోతే ఎక్కడికి తరలించాలో, ఏ వాహనంలో, ఎవరి ఫోనుకు చెప్పి వెళ్లాలో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకే అంటించాలి. కరెంటు పోయాక ఐ.ఎల్.ఆర్. మూత తెరవకుండా ఉంచడమే అన్నిటికన్నా మంచి రక్షణ. లోపల ఎలా ఉందో చూద్దామని పదేపదే తెరవడం వల్ల నిలిచి ఉన్న చలువ పోతుంది.

రక్తం, ప్లేట్‌లెట్ల నిల్వ కూడా స్టోరు బాధ్యతేనా?

బ్లడ్ బ్యాంకుదే. అయినా వార్డులకు కొన్ని విషయాలు తెలియాలి. ఎర్ర రక్తకణాల సంచి 2 నుంచి 6 డిగ్రీల్లో, వాడిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు నిలుస్తుంది. ప్లేట్‌లెట్లు మాత్రం 20 నుంచి 24 డిగ్రీల్లో, ఆగకుండా ఊగే యంత్రం మీద, 5 రోజులే. వాటిని ఫ్రిజ్‌లో పెడితే పాడవుతాయి. డెంగీ కాలంలో ముందుజాగ్రత్త పేరుతో ప్లేట్‌లెట్లు రిజర్వు చేయించి వాడకుండా వదిలేయడం మరో రోగికి దక్కాల్సినదాన్ని పోగొట్టడమే. వార్డుకు తెచ్చిన రక్తం అవసరం లేదనిపిస్తే 30 నిమిషాల లోపు తిప్పిపంపాలి. వార్డు ఫ్రిజ్‌లో ఎన్నడూ పెట్టకూడదు.

గడువు దగ్గరపడిన సరుకును సరఫరాదారు వెనక్కి తీసుకుంటారా?

ఒప్పందంలో రాసి ఉంటే తీసుకుంటారు, లేకపోతే బతిమాలుకోవాల్సి వస్తుంది. గడువుకు ఎన్ని నెలల ముందు తిప్పిపంపాలి, బదులు సరుకు ఇస్తారా, ఆ విలువను మన ఖాతాలో జమ చూపే క్రెడిట్ నోట్ ఇస్తారా అన్నది మొదటి కొనుగోలు నాడే తేల్చుకోండి. చలువ మందులు చాలామంది వెనక్కి తీసుకోరు, మన దగ్గర అవి ఎలా ఉన్నాయో వారికి తెలియదు కాబట్టి. ఉష్ణోగ్రత రికార్డు చూపగలిగితే మాట్లాడే వీలుంటుంది. ప్రభుత్వ ఆస్పత్రులు గడువు దగ్గరపడిన సరుకు వివరాలు జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోరుకు ముందుగానే రాస్తే అక్కడి నుంచి వేరే ఆస్పత్రికి మళ్లించవచ్చు.

గడువు తీరినవాటిని ఏం చేయాలి?

మొదట వాటిని వాడకపు సరుకు నుంచి వేరుచేసి, తాళం ఉన్న పెట్టెలో ‘గడువు తీరినవి, అమ్మకానికి కాదు’ అని రాసి ఉంచాలి. ఔషధ నియమాలు కోరేదీ ఇదే. మందు పేరు, బ్యాచ్, సంఖ్య, విలువతో జాబితా రాసి, సూపరింటెండెంట్ నియమించిన కమిటీ సంతకాలతో స్టాక్ నుంచి తీసివేయాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం గడువు తీరిన మందులు పసుపు సంచిలోకి వెళ్లి, అనుమతి ఉన్న ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరాలి. క్యాన్సర్ మందులను వేరుగా, ఆ గుర్తు ఉన్న సంచిలో ఇవ్వాలి. వాటిని 1200 డిగ్రీలకు మించిన వేడిలో కాల్చాలి, లేదా తయారీదారుకు తిప్పిపంపాలి. వ్యర్థంగా సంచిలో వేశాక ఆస్పత్రిలో ఎక్కువసేపు ఉంచకపోవడం మంచిది, కాబట్టి వ్యాను వచ్చే రోజు చూసుకుని స్టాక్ నుంచి తీయండి.

యాంటీబయాటిక్ సిరప్‌లు సింకులో పోయడం, మాత్రలు ఆస్పత్రి వెనుక గుంటలో పూడ్చడం, చెత్తకుప్పలో కాల్చడం ఎక్కడైనా జరుగుతుంటే ఆపించండి. ఆ నీరు చేరేది మన చెరువులకూ కాలువలకూ. కుప్ప మీద గడువు తీరిన స్ట్రిప్పులు పడేస్తే ఎవరైనా ఏరుకుని మళ్లీ అమ్మే ప్రమాదమూ ఉంది.

కంప్యూటరు ఉన్నాక చేతిరాత రిజిస్టరు, బిన్ కార్డు అవసరమా?

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ-ఔషధి వంటి వ్యవస్థలు బ్యాచ్ వారీగా గడువు జాబితా ఒక్క నొక్కుతో ఇస్తాయి, ఆ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకోవాలి. అయితే కంప్యూటరుకు తెలిసేది మనం ఎక్కించినదే. ఒక్కో మందు రాకపోకలు రాసేందుకు అలమర దగ్గర ఉంచే బిన్ కార్డులో 42, తెరమీద 57, చేతితో లెక్కపెడితే 39 వచ్చిన రోజున ఆ తేడాలు ఎక్కడ పుట్టాయో వెతకడానికి కార్డే ఆధారం. ఖరీదైన మందులను, వి వర్గం మందులను వారానికోసారి, మిగతావాటిని నెలకు కొన్ని చొప్పున వంతులవారీగా లెక్కించండి. ఏటా మార్చి 31న ఒక్కరోజే అన్నీ లెక్కపెట్టే పద్ధతిలో తేడా బయటపడేటప్పటికి దాని కారణం ఎవరికీ గుర్తుండదు. లెక్క తేలిన అంకెనే రాయండి, తేడాకు కారణం పక్కన రాసి సంతకం చేయించండి.